రెండు జీతాలు: నల్లగొండ, పాలమూరుల్లో దళిత మధ్యతరగతి

"సదువుకున్నోళ్లు మనల్ని మర్చిపోయిన్రు" అనే మాట నల్లగొండ, పాలమూరు వాడల్లో పెరిగినవాళ్లంతా విన్నదే. చావు కాడ వినబడుతుంది, పెండ్లి కాడ వినబడుతుంది, అంబేడ్కర్ జయంతి సభలో మైకులో వినబడుతుంది. నౌకరి చేసేవాళ్లు కూడా తోటి నౌకరిదారుల మీద ఇదే మాట విసురుతారు. 1956 మార్చి 18న ఆగ్రా సభలో అంబేడ్కర్ చదువుకున్నవాళ్లే తనను మోసగించారని బాధపడ్డాడని ఉద్యమాల్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కాన్షీరాం 1978లో బామ్‌సెఫ్ పెట్టినప్పుడు ఉద్యోగి తన సమాజానికి బాకీ ఉన్నాడన్న మాట మీదే దాన్ని నిలబెట్టాడు. కమ్యూనిస్టు సభల్లో ఇదే ఆరోపణ ఇంకో భాషలో వస్తుంది: "వాడు వర్గం మారిండు."

ఆరోపణ తప్పా ఒప్పా అని పంచాయితీ చెయ్యడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆరోపించేవాళ్లూ, పడేవాళ్లూ కూడా ఒక విషయాన్ని అడగకుండానే ఒప్పేసుకుంటున్నారు. దళితుల్లో ఒక మధ్యతరగతి ఉంది, అది రెడ్ల మధ్యతరగతి లాంటిదే, బ్రాహ్మణ మధ్యతరగతి లాంటిదే, కాకపోతే ఆలస్యంగా వచ్చింది అని. మా పేచీ ఇక్కడ. ఈ రెండు జిల్లాల్లో ఆ తరగతి దేనితో తయారైందో చూస్తే, దాని మనసు ఎందుకట్ల పనిచేస్తదో కొంత తెలుస్తుంది. (2016లో ఈ జిల్లాలను విడగొట్టి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు చేశారు, 2019లో నారాయణపేట వచ్చింది. ఇక్కడ నల్లగొండ, పాలమూరు అంటే పాత జిల్లాలే.)

ఒక మాట పట్టుకుని మొదలుపెడదాం. జీతం. తెలంగాణ పల్లెలో 'జీతం ఉండుడు' అంటే పటేలు ఇంట్లో ఏడాదికి కుదిరి, ఎడ్ల కాడ, బాయి కాడ, కల్లం కాడ రాత్రింబవళ్లు పడి ఉండుడు. అట్లా కుదిరినవాడు జీతగాడు. కలెక్టరు కచేరీలో గుమాస్తాకు నెలనెలా వచ్చే రూపాయలను కూడా జీతమనే అంటాం. దళిత మధ్యతరగతి అని మనం పిలుస్తున్నది మొదటి జీతం నుంచి రెండో జీతం దాకా మూడు తరాలు నడిచి వచ్చిన మనుషులు. ఆ దారిలో భూమి లేదు, దుకాణం లేదు, రైసు మిల్లు లేదు, సారా కాంట్రాక్టు లేదు. జీతం నుంచి జీతానికే.

వర్గం గనిలో రాయిలాగ ముందే పడి ఉండే వస్తువు కాదనీ, మనుషుల మధ్య కాలం గడిచేకొద్దీ జరిగే సంగతి అనీ ఇంగ్లండ్ శ్రామికవర్గం మీద 1963లో పుస్తకం రాసిన ఇ.పి. థాంప్సన్ వాదించాడు. మన కమ్యూనిస్టులు థాంప్సన్‌ను చదివారు. చదివి, ఇంగ్లండు నేతగాళ్ల దగ్గరే ఆగిపోయారు.

వాడలో సర్కారు మనిషి

మొదటి జీతం లెక్క ఉగాదికి మొదలై ఉగాదికి ముగిసేది. ముగిసేదనేది పేరుకే. పెండ్లికో, చావుకో తెచ్చిన అప్పు తీరక అదే ఇంట్లో మళ్లీ కుదిరేవాడు. ముసలివాడైతే కొడుకును పెట్టేవాడు. ఏడెనిమిదేండ్ల పిల్లగాడు పశుల కాడికి పోతే ఒక నోరు ఇంట్లో తగ్గినట్టు లెక్క. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ నిర్మూలన చట్టం వచ్చేనాటికి కూడా ఈ లెక్క బతికే ఉంది. ఇక్కడ జీతం అంటే మనిషి కాలం మొత్తం అమ్ముడుపోవడం. దానికి సెలవు ఉండదు, పొద్దు ఉండదు, పేరు కూడా సగమే ఉంటుంది. నర్సయ్య నర్సిగాడు, మల్లయ్య మల్లిగాడు.

అయితే నిజాం కాలంలోనే వాడలో ఇంకో రకం మనుషులు ఉన్నారు. సేత్‌సింధి, మస్కూరి, బేగరి, చెరువు తూము కాడ నీరటి. వీళ్లు గ్రామ సేవకులు. ఎక్కువమంది మాలలు, మాదిగలు. తపాలా మోసేది వీళ్లే, డప్పు కొట్టి సర్కారు హుకుం చాటేది వీళ్లే, దౌరాకొచ్చిన అధికారి సామాను తలమీద పెట్టుకుని పక్క ఊరి దాకా ఉరికేది వీళ్లే. ప్రతిఫలం చారెడు ఇనాం చెక్క, కల్లం కాడ దోసిలి గింజలు. ఊళ్లో సర్కారు పని సగం వీళ్ల మీదే నడిచింది, కానీ చావడి లోపల కూర్చునే హక్కు లేదు. వెట్టిని నిషేధిస్తూ 1920ల్లో నిజాం ప్రభుత్వం ఫర్మానాలు ఇచ్చింది, 1921లో పుట్టిన ఆంధ్రజన సంఘం వాటి గురించి ప్రచారం చేసింది. ఊళ్లల్లో ఆ ఫర్మానాను చదివి వినిపించాల్సింది పట్వారీ. ఎవరి వెట్టి గురించి ఎవరు చదువుతారు?

ఈ సేత్‌సింధి మనసును పట్టించుకోకుండా తర్వాతి కథ అర్థం కాదు. దొర, సర్కారు వేరు వేరు కాదని వాడికి పుస్తకం చదవకుండానే తెలుసు. అదే సమయంలో దొర కూడా ఒక బిళ్ల కట్టుకున్న మనిషిని చూసి కొంచెం తగ్గుతాడనీ తెలుసు. సర్కారు బిళ్ల మీద మన వాళ్లకున్న మోజును చూసి నవ్వే మేధావులు ఈ రెండో సంగతి మర్చిపోతారు.

రెండు పేర్లు

నెల జీతం వాడలోకి మొదట వచ్చింది సర్కారు నుంచి కాదు, మిషన్ నుంచి. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైటు అబ్రహాం ఫ్రీజెన్ అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1890లో నల్లగొండలో కుదురుకున్నాడు. పాలమూరు, గద్వాల బాప్టిస్టు కేంద్రాలు 1937లో మెన్నోనైట్ బ్రదరెన్ చేతికి వచ్చాయి. అప్పటికే నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండల్లో వాళ్ల బళ్లు, దవాఖానాలు ఉన్నాయి. చేరినవాళ్లలో చాలామంది మాల, మాదిగలే. వాళ్లలోంచి పంతుళ్లు, బైబిల్ స్త్రీలు, కాంపౌండర్లు, నర్సులు తయారయ్యారు. జీతం చిన్నదే. కానీ అది తేదీకి వచ్చేది, అప్పులో కలిసిపోయేది కాదు, ఆదివారం సెలవుండేది. ఉతికిన తెల్ల అంగీ, దువ్విన తల, చేతిలో పుస్తకం. వీటిని 'దొరసాని నేర్పిన నాగరికత' అని తీసిపారెయ్యొచ్చు. మురికి నీ పుట్టుకలోనే ఉందని వెయ్యేండ్లు చెప్పిన ఊళ్లో శుభ్రమైన అంగీ తొడుక్కుని నడివీధిలో నడవడం అలంకారం కాదు, పేచీ. దళిత మధ్యతరగతి ఇస్త్రీ బట్టల పిచ్చికి మూలం ఇక్కడ ఉంది.

ఈ మొదటి ఉద్యోగుల మీద 1950లో దెబ్బ పడింది. ఆ ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులకు సడలించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు కింద ఒక శాతంలో పడేశారు. ఫలితం రెండు పేర్ల బతుకు. చర్చి రిజిస్టరులో ఒక పేరు, తహసీలు సర్టిఫికెట్టులో ఒక పేరు. ఆదివారం యోహాను, సోమవారం యాదయ్య. దీన్ని మోసం అన్నవాళ్లు ఉన్నారు, కోర్టుల దాకా పోయిన్రు. దేవుణ్ణి ఎంచుకుంటే అన్నం పోతుందని రాసిన రాత ముందు మోసమో, బతకడానికి పెట్టుకున్న రెండో పేరు ముందు మోసమో మనం మాట్లాడుకోవాలె. మన పరిశీలనకు ముఖ్యమైంది ఇంకొకటి. ఈ తరగతి పుట్టుకతోనే దాచుకోవడం నేర్చింది. తనకున్న ఉద్యోగం తన పూర్తి పేరును భరించదని నేర్చింది.

హైదరాబాద్ నగరంలో కథ వేరు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, ఆ తర్వాత బి.ఎస్. వెంకటరావు, అరిగె రామస్వామి నడిపిన ఆది హిందూ ఉద్యమం బళ్లు పెట్టింది, తాగుడు మీద, జోగిని ఆచారం మీద పోరాడింది, 1931 జనాభా లెక్కల్లో 'ఆది హిందూ' అన్న పేరు రాయించుకుంది. అది కంటోన్మెంటు, రైల్వే, బంగళా ఉద్యోగాల మీద నిలబడ్డ ఉద్యమం. నగరంలో పేరును బయటికి చాటుకునే వీలున్నప్పుడు నల్లగొండ పల్లెలో ఆ వీలు లేదు. ఆ ఉద్యమం మూసీ దాటి ఈ ఊళ్లకు రాలేదని కాదు గానీ, పలుచగా వచ్చింది. ఊళ్లల్లోకి బలంగా వచ్చింది సంగం.

సంగం నేర్పిన వర్గం

1944 భువనగిరి సభలో ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో నల్లగొండ నడిబొడ్డు. సంగం దళితులకు ఇచ్చినదాన్ని తక్కువ చెయ్యనక్కరలేదు. 'నీ బాంచెన్' అన్న నోరు 'ఎందుకియ్యాలె' అన్నది. జీతగాడు, పాలేరు, బేగరి అన్న విడివిడి పేర్లకు బదులు 'కూలి' అన్న ఒక పేరు వచ్చింది. వర్గ చైతన్యం అంటే ముందుగా ఇదే, పక్కవాడి బాధకూ నా బాధకూ ఒకే పేరుందని తెలియడం.

కానీ ఆ పేరు పెట్టిందెవరు? నాయకత్వంలో ఎక్కువమంది భూమి ఉన్న ఇండ్ల బిడ్డలు. వాళ్లు ఆస్తి వదులుకుని వచ్చారు, నిజమే. పార్టీ పరిభాషలో 'డీక్లాస్' అయ్యారు. పైనుంచి కిందికి దిగడం త్యాగం అయింది. మరి కింద ఉన్నవాడు దిగడానికి ఏముంది? వాడు కదలగలిగితే పైకే కదలాలి. పైకి కదిలితే వర్గం మారినట్టు. దొర కొడుకు వకీలై కూడా కామ్రేడుగానే ఉండగలిగాడు, మాదిగ కొడుకు టీచరు కాగానే 'పెటీ బూర్జువా' అయ్యాడు. ఈ తూకపు రాళ్లు ఎవరు చెక్కారో అడిగితే 1990ల దాకా జవాబు లేదు.

1952 ఎన్నికలు చూడండి. నల్లగొండ రెండు సీట్ల లోక్‌సభ నియోజకవర్గం. పీడీఎఫ్ తరఫున రావి నారాయణరెడ్డి గెలిచాడు, నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయని ఇప్పటికీ బడి పుస్తకాల్లో చెబుతారు. అదే నియోజకవర్గంలో రిజర్వుడు సీటు నుంచి అదే పీడీఎఫ్ తరఫున గెలిచినవాడు సుంకం అచ్చాలు. ఈ పేరు ఎంతమందికి తెలుసు? నల్లగొండ చరిత్ర మీద ఉపన్యాసం ఇచ్చేవాళ్లను అడిగి చూడండి. ఒకే బ్యాలెట్టు, ఒకే పార్టీ, ఒకే గెలుపు, జ్ఞాపకం మాత్రం ఒకరికే.

అంతకు ఏడాది ముందు, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చాడు. ఊరి హరిజన కుటుంబాలు 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం పుట్టింది, ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. లెక్క కట్టి అడిగినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు, ఇచ్చినవాడి పేరు ఉంది. పోరాటంలో 'దున్నేవాడిదే' అయిన భూమి, పోరాటం ఆగే నాటికి దానం అయింది. దానం తీసుకున్నవాడు కృతజ్ఞతగా ఉండాలి. రిజర్వేషన్ మీద వచ్చిన ఉద్యోగిని కూడా తర్వాత ఈ దేశం ఇదే కృతజ్ఞత అడిగింది. ఆఫీసులో తోటివాళ్లు అడిగేది మాటల్లో ఉండదు, చూపులో ఉంటుంది.

పాలమూరుకు పోరాటం ఇంత లోతుగా రాలేదు. అక్కడ వచ్చింది వలస. చెరువు ఎండితే తట్ట, పార పట్టుకుని గుంపుగా పోవుడు. 1955లో పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ నుంచి దేశంలోని ఎన్నో డ్యాముల దాకా పాలమూరు కూలీ చెమట ఉంది. ఊళ్లో మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, పైన గుత్తేదారు ఉంటాడు, కూలికి ఇద్దరి లెక్కా తెలియదు. నల్లగొండ కూలికి శత్రువు గడీలో కనబడేవాడు. పాలమూరు కూలికి శత్రువు అడ్వాన్సు రూపంలో ముందే ఇంట్లోకి వచ్చి కూర్చునేది. గుంపు మేస్త్రీ చాలాసార్లు సొంత వాడవాడే, సొంత బంధువే. కాస్త పైకి వచ్చిన మనిషి అంటే మనల్ని అమ్మగలిగే మనిషి అన్న అనుమానం అక్కడ పుస్తకాల్లోంచి రాలేదు, అనుభవంలోంచి వచ్చింది. 'మర్చిపోయిన్రు' అన్న మాట నల్లగొండలో నిష్ఠూరంగా, పాలమూరులో హెచ్చరికగా వినబడడానికి ఇది ఒక కారణం అనుకుంటాను.

హాస్టలు పెట్టె, కిరాయి ఇల్లు

రెండో జీతం పెద్ద ఎత్తున వచ్చింది 1970ల నుంచి. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, ఆ తర్వాత గురుకులాలు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. దళిత పిల్లల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు 1980ల మధ్యలో వచ్చాయి. అయినా పాలమూరు అక్షరాస్యత 1991 జనాభా లెక్కల్లో కూడా 30 శాతం దగ్గరే కొట్టుకుంటున్నది. అంటే వాడకు ఒకరో ఇద్దరో. రేకు పెట్టె, సత్తు పళ్లెం, నీళ్ల పప్పు, గజ్జి. ఆ హాస్టల్లోనే వేరే ఊరి మాదిగ పిల్లగాడు, వేరే ఊరి మాల పిల్లగాడు మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. తమ ఊళ్లో జరిగింది తమ ఊళ్లోనే కాదని తెలుసుకున్నారు. సంగం తర్వాత ఈ జిల్లాల్లో చైతన్యం పుట్టిన రెండో చోటు హాస్టలే. దాన్ని ఏ పార్టీ కట్టలేదు.

టీచరు, కండక్టరు, లైన్‌మన్, కానిస్టేబులు, బ్యాంకు అటెండరు. ఈ ఉద్యోగాలు తెచ్చిన ఇల్లు ఎట్లా ఉండేదో ఒకసారి చూడాలి. జీతం ఒక్కటి, తినే నోళ్లు వాడలో సగం. తమ్ముని చదువు, చెల్లె పెండ్లి, తండ్రి దవాఖాన, మేనమామ జామీను. రెడ్డి టీచరుకు జీతం పై ఖర్చు. అతనికి ఊళ్లో పొలం ఉంది, బాయి ఉంది, బావమరిది కాంట్రాక్టరు, హైదరాబాద్ పెరిగినకొద్దీ భూమి ధర అతని కోసం పని చేస్తది. దళిత టీచరు జీతం ఆగిన నెల ఇల్లు ఆగుతుంది. ఇద్దరూ ఒకే స్టాఫ్ రూములో, ఒకే స్కేలులో ఉన్నారు కనుక ఒకే తరగతి అని సర్వేలు రాస్తాయి. జీతం వారసత్వంగా రాదు, భూమి వస్తుంది. ఈ ఒక్క తేడాతోనే రెండు వేరే మనసులు తయారైతయి. ఒకటి ధీమాతో ఖర్చు పెడుతుంది, ఒకటి భయంతో పొదుపు చేస్తుంది, లేకపోతే భయం కనబడకుండా ఉండడానికి ఖర్చు పెడుతుంది.

పట్నంలో కిరాయి ఇల్లు ఈ భయానికి బడి. "మీరేమోళ్లు?" అన్న ప్రశ్న మర్యాదగానే వస్తుంది, ఒక్కోసారి మంచినీళ్ల గ్లాసుతో సహా వస్తుంది. జవాబు నిజం చెబితే ఇల్లు అప్పుడే చుట్టాలకు ఇచ్చేసి ఉంటుంది. అందుకని ఇంటిపేరు మింగుడు, ఊరి పేరు మార్చుడు, పెద్దకూర వండిన నాడు కిటికీలు మూసుడు, పిల్లలకు ఏ కులానికైనా సరిపోయే పేర్లు పెట్టుడు. వాడ నుంచి చుట్టాలు వస్తే వాళ్ల యాస పక్కింటికి వినబడకుండా టీవీ పెంచుడు. బయటినుంచి చూస్తే ఇది సిగ్గు. ఎవరిని చూసి సిగ్గు అంటే తల్లిని చూసి కాదు, తల్లిని చూసి ఇంటిగలామె పెట్టే మొహాన్ని చూసి. అమెరికాలో నల్లజాతి మధ్యతరగతి గురించి ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1955లో ఫ్రెంచిలో, 1957లో ఇంగ్లీషులో అచ్చేసిన పుస్తకంలో, ఆస్తి పునాది లేని ఆ తరగతి తన గొప్పతనాన్ని ఊహల్లో కట్టుకుందని కోపంగా రాశాడు. మన దగ్గర పునాది లేకపోవడం నిజమే. కానీ మన ఉద్యోగి ఊహల్లో గొప్ప కట్టుకోలేదు, మాయమవడం నేర్చుకున్నాడు. చర్మం రంగు అక్కడ ఆ వీలు ఇవ్వలేదు, ఇక్కడ కులం కొన్ని రోజులు ఇచ్చింది.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలె. మగవాడికి కొలువు రాగానే భార్య కూలి మానేసింది. నాట్లు, కలుపు, కైకిలి గుంపు, పాట, అన్నీ ఒక్క రోజులో ఆగినయి. 'మా ఇంటామె పనికి పోదు' అనుడు ఇంటికి గౌరవం. ఆమెకు మిగిలింది రెండు గదులు, తెలియని ఇరుగుపొరుగు. గౌరవం ఎంత ఖరీదో ఆమెను ఎవరూ అడగలేదు. ఇక ఉద్యోగం దొరికిన ఆడవాళ్లలో చాలామంది 1975లో మొదలైన ఐసీడీఎస్ కింద అంగన్‌వాడీల్లోకి పోయారు. వాళ్లకిచ్చేదాన్ని సర్కారు జీతం అనదు, గౌరవ వేతనం అంటుంది. మాట పెద్దది, డబ్బు చిన్నది.

పేరు చివర కులం

1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. కోస్తాలో జరిగిన ఈ హత్యాకాండలు నల్లగొండ, పాలమూరు ఉద్యోగుల మనసులను కూడా కదిలించాయి. చుండూరులో చనిపోయినవాళ్లలో చదువుకున్న యువకులూ ఉన్నారు. చదువు కాపాడుతుందన్న నమ్మకం అక్కడ కూలింది. ఆ తర్వాత పదేండ్లలో దళిత పత్రికలకు చందా కట్టింది, సభలకు బస్సు కిరాయి ఇచ్చింది, కరపత్రం అచ్చేయించింది ఎక్కువగా ఈ జీతగాళ్లే. మర్చిపోయినవాళ్ల జేబుల్లోంచే ఉద్యమం నడిచింది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైంది. ఏడాది తిరగకముందే టీచర్లు, గుమాస్తాలు పేరు చివర 'మాదిగ' అని రాసుకున్నారు. కిరాయి ఇంటి గడపలో మింగిన మాటను ఆఫీసు తలుపు మీద అచ్చు వేసుకున్నారు. మనసు చరిత్రలో ఇంత పెద్ద మలుపు ఈ జిల్లాల్లో సంగం తర్వాత ఇదే. 2000లో వచ్చిన వేముల ఎల్లయ్య నవల 'కక్క' నల్లగొండ మాదిగ వాడ నుడికారాన్ని దాచకుండా అచ్చులోకి తెచ్చింది కూడా ఈ గాలిలోనే. అయితే దండోరా అడిగింది ఏమిటి? భూమి కాదు, కూలి రేటు కాదు. ఉద్యోగాల్లో వాటా. ఎవరికెన్ని జీతాలు వచ్చినయని లెక్క. మాల మాదిగల పేచీని కులాల కొట్లాటగా మాత్రమే చూసేవాళ్లు దాని వర్గ స్వభావాన్ని చూడరు. ఉన్నదే ఒక్క నిచ్చెన అయితే దాని మెట్ల మీదే కొట్లాట జరుగుతుంది. అడిగినవాళ్ల లెక్క న్యాయమైనదే. 2000లో వచ్చిన వర్గీకరణ చట్టాన్ని 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లుతుందంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులు అమల్లోకి వచ్చాయి.

ఆ 2024 తీర్పులోనే నలుగురు జడ్జీలు షెడ్యూల్డ్ కులాల్లో కూడా క్రీమీలేయర్‌ను గుర్తించాలన్నారు. ఆ నెలలోనే కేంద్రం అట్లాంటిదేమీ లేదని ప్రకటించింది. మీగడ అన్న మాటను గమనించాలి. పాలు ఎవరివో, కుండ ఎవరిదో మాట్లాడకుండా పైన తేలిన పొరను చూపిస్తుంది. "సదువుకున్నోళ్లు మర్చిపోయిన్రు" అన్న వాడ మాటనే కోర్టు ఇంగ్లీషులో తిరిగి చెప్పినట్టు ఉంటుంది, కానీ వాడ ఆ మాటను తిరిగి రమ్మని అంటుంది, కోర్టు దిగిపొమ్మని అంటుంది.

జీతం సన్నబడ్డాక

నిచ్చెన కూడా సన్నబడింది. 1991 తర్వాత సర్కారు కొలువులు తగ్గుతూ, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పెరుగుతూ వచ్చాయి. రెండో తరం చదువుకుంది, కొలువు లేదు. అలంపూర్‌లో పుట్టిన ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2012 నుంచి 2021 దాకా సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్న కాలంలో 'స్వేరో' అన్న పేరు పుట్టింది. 2014 మే 25న ఇద్దరు గురుకుల విద్యార్థులు, మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్, ఎవరెస్టు ఎక్కారు. దండోరా తరం పాత పేరునే తల మీద పెట్టుకుంది, స్వేరో తరం ఏ ఊరి పెద్దమనిషికీ తెలియని కొత్త పేరు పెట్టుకుంది. రెండూ కిరాయి ఇంటి ప్రశ్నకు జవాబులే. రెండో జవాబులో పాత దాచుకోవడం కొంత మిగిలి ఉందని మా అభిప్రాయం. ఆ పిల్లల కళ్లలో వెరపు లేకపోవడం కూడా మేం చూశాం.

జీతం కాకుండా పెట్టుబడి ఇచ్చి మధ్యతరగతిని చెయ్యాలన్న ప్రయత్నం కూడా పాత నల్లగొండలోనే మొదలైంది. 2021 ఆగస్టులో వాసాలమర్రిలో 76 దళిత కుటుంబాలకు దళితబంధు కింద తలా పది లక్షల చొప్పున 7 కోట్ల 60 లక్షలు విడుదల చేశారు. 70 ఏండ్ల కింద పోచంపల్లిలో అడిగింది 80 ఎకరాలు. ఈసారి భూమి మాట రాలేదు. 2023 చివర ప్రభుత్వం మారాక పథకం ముందుకు సాగలేదు.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో దవాఖాన ముందు, గర్భిణి భార్య పక్కన ఉండగా, పెరుమాళ్ల ప్రణయ్‌ను నరికి చంపారు. చదువు ఉంది, ఇంగ్లీషు ఉంది, ఇల్లు ఉంది, భార్యతో బడి నాటి స్నేహం ఉంది. మధ్యతరగతి అనడానికి సర్వేలు అడిగేవన్నీ ఉన్నయి. హత్యకు సుపారీ ఇచ్చాడని ఆరోపణ ఉన్న ఆమె తండ్రికి ఇవేవీ లెక్కకు రాలేదు, ఒక్క ప్రశ్నకు జవాబే లెక్కకు వచ్చింది. అతను 2020లో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది.

ఇక సేత్‌సింధి. పేరు మారుతూ మారుతూ గ్రామ రెవెన్యూ సహాయకుడు, వీఆర్ఏ అయ్యాడు. పోటీ పరీక్ష రాసి వచ్చినవాళ్లు కొందరున్నా, చాలా ఊళ్లల్లో తాత చేసిన పని తండ్రి, తండ్రి చేసిన పని కొడుకు చేస్తూ వచ్చినవాళ్లే. ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు. 2022లో పే స్కేలు కోసం జూలై నుంచి అక్టోబరు దాకా సమ్మె చేశారు. 2023లో సర్కారు వాళ్లకు స్కేలు ఇచ్చి వేరే శాఖల్లో సర్దింది. 61 ఏండ్లు దాటినవాళ్ల స్థానంలో వాళ్ల వారసులకు కొలువు ఇస్తామంది. దోసిలి గింజల నుంచి బ్యాంకు ఖాతా దాకా రావడానికి ఆ ఇండ్లకు నాలుగు తరాలు పట్టింది. ఆ వారసులు తర్వాత కూడా ఉత్తర్వు కాగితం కోసం హైదరాబాద్‌కు వచ్చి ధర్నాలు చేశారు.